స్కేట్లు తర్వాత, ముందు మోకాళ్ళు

రోలర్ డర్బీ ఆడాలని మనసుపడ్డవాళ్ళను ఎవరిని కదిలించినా మొదటి ప్రశ్న ఒకటే: "ఏ స్కేట్లు కొనమంటారు?" బూటు తోలుదా రెగ్జినుదా అని అడుగుతారు, చక్రాల రంగు గురించి అడుగుతారు, బేరింగుల మీద ఉన్న నంబరు గురించి కూడా అడుగుతారు. మోకాలి ప్యాడ్ల గురించి ముందుగా అడిగినవాళ్ళు నాకు చాలా అరుదుగా తగిలారు. ఒకవేళ అడిగినా అది చివర్లోనే, ఉన్న డబ్బంతా స్కేట్లకు రాసిచ్చేశాక, "మిగిలినదాంట్లో ఏవో ప్యాడ్లు వచ్చేస్తాయి కదా" అన్న ధోరణిలో.

నా వాదన దీనికి సరిగ్గా తలకిందులు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు అందులో మొదటి వాటా మోకాళ్ళది, రెండోది తలది. కాళ్ళకింద చక్రాల వంతు ఆ తర్వాతే. ఓ మోస్తరు స్కేట్ల మీద ఆట నేర్చుకోవడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఓ మోస్తరు మోకాలి ప్యాడ్ల మీద పడితే నెలల తరబడి మెట్లెక్కడం కూడా కష్టమవుతుంది. రెండు నష్టాలూ ఒకటి కావు. కానీ దుకాణంలో నిలబడ్డప్పుడు కళ్ళు స్కేట్ల వైపే లాగుతాయి, ఎందుకంటే అవి అందంగా ఉంటాయి. నల్లటి ప్యాడ్ల జత ఎవరినీ పిలవదు.

ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. 1935లో షికాగోలో లియో సెల్ట్‌జర్ అనే ప్రమోటర్ మొదలుపెట్టినప్పుడు రోలర్ డర్బీ అంటే రోజుల తరబడి గుండ్రంగా తిరిగే ఓర్పు పందెం. స్కేటర్లు ఒకరినొకరు ఢీకొంటుంటే జనం ఊగిపోతున్నారని నిర్వాహకులకు త్వరలోనే అర్థమైంది, ఆట స్వరూపం మారిపోయింది. ఇప్పుడు చాలా దేశాల్లో చదునైన నేల మీద ఆడుతున్న ఫ్లాట్ ట్రాక్ రూపం మాత్రం 2000ల తొలినాళ్ళలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఆడవాళ్ళు తమకు తాముగా నిలబెట్టుకున్నది. ఒక్కో జట్టు నుంచి ఐదుగురు దిగుతారు: నలుగురు బ్లాకర్లు, ఒక జామర్. హెల్మెట్ మీద నక్షత్రం ఉన్న తొడుగు వేసుకున్న జామర్ ఒకసారి గుంపును దాటుకుని వచ్చాక, ఆ తర్వాతి చుట్లలో ఎదుటివాళ్ళను ఎంతమందిని దాటితే అన్ని పాయింట్లు. 2 నిమిషాలకు మించని ఒక్కో విడతలో, దాన్నే జామ్ అంటారు, ఎదుటివాళ్ళు తుంటితో, భుజంతో, ఒళ్ళంతా అడ్డుపెట్టి ఆ జామర్‌ను నిలువరిస్తారు. మోచేత్తో పొడవడం, తలతో గుద్దడం లాంటివి తప్పు. మిగతాదంతా ఆటే.

విమెన్స్ ఫ్లాట్ ట్రాక్ డర్బీ అసోసియేషన్ నిబంధనల ప్రకారం ఆడేవాళ్ళకు నాలుగు చక్రాల క్వాడ్ స్కేట్లు తప్పనిసరి, చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్లు కుదరవు. దాంతోపాటు హెల్మెట్, మౌత్ గార్డ్, ఎల్బో ప్యాడ్లు, రిస్ట్ గార్డులు, మోకాలి ప్యాడ్లు. ఈ ఐదింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ట్రాక్ మీద అడుగుపెట్టనివ్వరు. కాబట్టి వీటిని "అదనపు ఖర్చు" అనుకోవడంలోనే లెక్క తప్పుతుంది. కొనాల్సిన సామాను ఒకటి కాదు, ఆరు. స్కేట్ల ధర చూసి "ఇంతేనా" అనుకుని బయల్దేరినవాళ్ళకు చివరికి తడిసి మోపెడయ్యేది ఇక్కడే.

ఇక మోకాళ్ళ దగ్గరికి వద్దాం.

కొత్తవాళ్ళకు డర్బీలో మొదట నేర్పేది పరుగు కాదు, పడటం. ఒక మోకాలు నేలకు తాటించి అదే ఊపులో లేవడం, రెండు మోకాళ్ళ మీదా జారుతూ ఆగడం, పడ్డాక చేతులూ కాళ్ళూ చాపకుండా ముడుచుకుని "చిన్నగా" పడటం. ఇవన్నీ కసరత్తుల్లా మళ్ళీమళ్ళీ చేయిస్తారు. అంటే మోకాలి ప్యాడు ఎప్పుడో ప్రమాదం జరిగితే పనికొచ్చేది కాదు, ప్రతి ప్రాక్టీసులోనూ పనిచేయాల్సిన సాధనం. పార్కులో సరదాగా స్కేటింగ్ చేసేవాళ్ళు ఏ వారానికో ఒకసారి పడతారు, వాళ్ళ కోసం తయారైన పలచటి ప్యాడ్లు ఆ పని బాగానే చేస్తాయి. ఒక గంటలో మళ్ళీమళ్ళీ కావాలని మోకాళ్ళ మీద పడే మనిషికి అవి చాలవు. ఆ ప్యాడ్లలో లోపమేం లేదు. అవి వేరే పనికి పుట్టాయి.

డర్బీవాళ్ళు వాడే మందపాటి ప్యాడ్లు నిజానికి స్కేట్‌బోర్డింగ్ నుంచి వచ్చాయి. పెద్ద ర్యాంపుల మీద విన్యాసం తప్పినప్పుడు స్కేట్‌బోర్డర్లు బోర్డు వదిలేసి రెండు మోకాళ్ళ మీద కిందిదాకా జారిపోతారు. ఆ జారుడు కోసం గట్టి ప్లాస్టిక్ డిప్ప, దాని వెనక దిట్టమైన ఫోమ్ పెట్టి చేసిన ప్యాడ్లు అవి. డిప్ప పని దెబ్బను ఒక్కచోట ఆగనివ్వకుండా నేల మీద జారనివ్వడం. ఫోమ్ పని మిగిలిన దెబ్బను కొద్దికొద్దిగా మింగడం. డిప్ప లేకపోతే మోకాలు నేలకు అతుక్కుని ఒళ్ళు ముందుకు తూలుతుంది. ఫోమ్ పలచనైతే అది పూర్తిగా నలిగిపోయి, చివరి దెబ్బ నేరుగా మోకాలి చిప్పకే చేరుతుంది. 187 కిల్లర్ ప్యాడ్స్, స్మిత్, ప్రో-టెక్ లాంటి పేర్లు డర్బీ సంచుల్లో తరచూ కనిపించడానికి కారణం ఈ స్కేట్‌బోర్డింగ్ బంధుత్వమే. పేరు చూసి కొనమని చెప్పడం లేదు. ఆ కంపెనీల్లోనే పలచటి రకాలూ ఉన్నాయి, పేరు ఒకటే కాబట్టి మోసపోవడం కూడా తేలికే.

కొనేటప్పుడు నేను నమ్మేది ఒకే పరీక్షను. ప్యాడు తొడుక్కుని గట్టి నేల మీద మోకరిల్లండి. తర్వాత కాస్త ఎత్తు నుంచి మోకాళ్ళ మీదికి బరువు వదలండి. "అమ్మో" అని మనసు వెనకాడిందంటే ఆ ప్యాడు మీది కాదు. ట్రాక్ మీద కూడా అలాగే వెనకాడతారు, వెనకాడినవాళ్ళు చేతుల మీద పడతారు, చేతుల మీద పడితే మణికట్టు పోతుంది. పలచటి మోకాలి ప్యాడు చేసే చేటు మోకాలి దగ్గరే ఆగదంటే అందుకే. పడటానికి భయపడే మనిషి వంగి కూర్చోదు, నిటారుగా నిలబడుతుంది, నిటారుగా నిలబడ్డవాళ్ళను పడగొట్టడం బ్లాకర్లకు చిటికెలో పని. స్కేట్ల నాణ్యత కంటే ఈ ఒక్క భయమే కొత్తవాళ్ళను ఎక్కువ వెనక్కి లాగుతుందని నా గట్టి నమ్మకం.

అలాగని దొరికినవాటిలో అతి మందమైనవి కొనడమూ తెలివి కాదు. చిన్న కాళ్ళవాళ్ళకు లావాటి ప్యాడ్లు మోకాలు పూర్తిగా వంగనివ్వవు. వంపుల్లో ఒక కాలు మీదుగా ఇంకో కాలు వేసే క్రాసోవర్ దగ్గర రెండు డిప్పలూ ఢీకొంటాయి. తొడ చుట్టుకొలత, మోకాలి చుట్టుకొలత టేపుతో కొలిచి కంపెనీవాళ్ళ సైజు పట్టికతో పోల్చుకోవాలి, అలవాటైన బట్టల సైజుతో కాదు. కొత్తప్పుడు కాస్త బిగుతుగా ఉండటమే మంచిది, వాడేకొద్దీ ఫోమ్ నలిగి, పట్టీలు సాగి సర్దుకుంటాయి. మొదటిరోజే వదులుగా ఉన్న ప్యాడు పడే క్షణంలో పక్కకు తిరిగిపోతుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. లోపల వేసుకునే పలచటి మోకాలి తొడుగు, గ్యాస్కెట్ అంటారు, దాని ఖర్చు తక్కువ. ప్యాడును జారకుండా పట్టి ఉంచుతుంది. డిప్పలు విడిగా మార్చుకునే వీలున్న ప్యాడు దొరికితే ఇంకా మేలు. డిప్ప అరిగినప్పుడు ప్యాడంతా పారేయక్కర్లేదు.

మోకాలు, మోచేయి, మణికట్టు మూడూ కలిపి ఒకే ప్యాకెట్‌లో అమ్మే సెట్లు కొత్తవాళ్ళకు పెద్ద ఆశ. ధర చూస్తే బేరమే. కానీ చౌక సెట్లలో అన్నిటికంటే బలహీనమైనది ఎక్కువగా మోకాలి ప్యాడే. సెట్ కొని, మోకాలి ప్యాడ్లు పక్కన పడేసి, మంచివి విడిగా కొంటే మొత్తం ఎంతవుతుందో ముందే కాగితం మీద వేసుకోండి. చాలాసార్లు మూడూ విడివిడిగా కొన్నదానికి దగ్గరగానే తేలుతుంది.

తల విషయంలో నేను బ్రాండు చూడను, లోపల అతికించిన స్టిక్కరు చూస్తాను. బయటికి ఒకేలా కనిపించే రెండు గుండ్రటి హెల్మెట్లలో ఒకటి పరీక్షకు నిలిచింది కావచ్చు, ఇంకోటి మెత్తటి స్పాంజి కూరిన ప్లాస్టిక్ గిన్నె కావచ్చు. కంటికి తేడా తెలియదు. అమెరికా సైకిల్ హెల్మెట్ ప్రమాణమైన సీపీఎస్‌సీ ప్రకారం హెల్మెట్‌ను సెకనుకు 6.2 మీటర్ల వేగంతో చదునైన ఇనుప దిమ్మె మీదికి వదులుతారు. సుమారు 2 మీటర్ల ఎత్తు నుంచి పడినట్టు. లోపలి తలబొమ్మకు తగిలే కుదుపు గురుత్వ త్వరణానికి 300 రెట్లు దాటకూడదు. యూరప్‌వాళ్ళ ఈఎన్ 1078లో వేగం 5.42 మీటర్లు, హద్దు 250 రెట్లు. ఇది సైకిళ్ళతోపాటు స్కేట్‌బోర్డులకు, రోలర్ స్కేట్లకు కూడా ఉద్దేశించిన ప్రమాణం. ఏఎస్‌టీఎం ఎఫ్ 1492 అనేది స్కేట్‌బోర్డింగ్ కోసం రాసిన ప్రమాణం. తక్కువ ఎత్తు నుంచి పడే దెబ్బలను ఒకటికి మించి తట్టుకోవాలంటుంది.

ఈ తేడా డర్బీకి ముఖ్యం. సైకిల్ హెల్మెట్లలో ఉండే గట్టి థర్మాకోల్ లాంటి ఫోమ్ ఒక పెద్ద దెబ్బను నలిగిపోవడం ద్వారా మింగుతుంది. నలిగాక తిరిగి పొంగదు. పైన ప్లాస్టిక్ మెరుస్తూనే ఉంటుంది, లోపల పని అయిపోయి ఉంటుంది. డర్బీలో తలకు తగిలేవి ఎక్కువగా చిన్న చిన్న దెబ్బలు, పదేపదే తగిలేవి. అందుకే సీపీఎస్‌సీ, ఎఫ్ 1492 రెండు స్టిక్కర్లూ ఉన్న హెల్మెట్ దొరికితే కొత్తవాళ్ళకు అంతకంటే వెతకాల్సిన పనిలేదు. కొందరు ఐస్ హాకీ హెల్మెట్లు వాడతారు, అవీ పదేపదే తగిలే దెబ్బల కోసం చేసినవే. ఏది కొన్నా కనుబొమలకు రెండు వేళ్ళ పైన నిలవాలి, పట్టీ పెట్టకుండా తల ఊపినా కదలకూడదు, గడ్డం పట్టీకింద ఒక వేలు మాత్రమే దూరాలి. ఒక మాట నిష్ఠూరంగానే చెప్పాలి: ఏ హెల్మెటూ కంకషన్‌ను, అంటే మెదడు అదిరి కలిగే గాయాన్ని, పూర్తిగా ఆపలేదు. పుర్రె పగలకుండా, మెదడుకు పెద్ద గాయం కాకుండా కాపాడటం దాని పని. తల తిరిగినా, వెలుతురు ఇబ్బంది పెట్టినా, ఆ రోజుకి ఆట ముగించి డాక్టరుకు చూపించుకోవాల్సిందే, హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా సరే.

మిగతా మూడింటి గురించి ఎక్కువ చెప్పను. రిస్ట్ గార్డులో అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పట్టె ఉండాలి, అది నేల మీద జారాలి, మణికట్టు వెనక్కి మడతపడనివ్వకూడదు. వేళ్ళు బయటే ఉంటాయి కాబట్టి పడ్డప్పుడు పిడికిలి బిగించడం నేర్చుకోవాలి. చాచిన వేళ్ళ మీద నుంచి చక్రాలు వెళ్తాయి, దానికి ఏ గార్డూ మందు కాదు. ఎల్బో ప్యాడ్లు ఓ మోస్తరువి సరిపోతాయి, జారిపోకుండా ఉంటే చాలు. వేడినీళ్ళలో ముంచి పళ్ళకు నొక్కుకునే మౌత్ గార్డ్ ఈ మొత్తంలో అతి చౌకైనది, నిక్షేపంగా పనిచేస్తుంది. పళ్ళకు క్లిప్పులు ఉన్నవాళ్ళు మాత్రం వాటికోసం చేసిన రకమే తీసుకోవాలి.

ఇప్పుడు స్కేట్లు. ఇన్ని మాటలన్నాను కాబట్టి ఏ స్కేట్లయినా పర్లేదంటున్నానని అనుకోవద్దు. కిందికి ఒక గీత ఉంది, ఆ గీతకు దిగువన డబ్బు పెట్టడం కంటే పెట్టకపోవడం మేలు. బొమ్మల దుకాణంలో దొరికే స్కేట్లలో చక్రాల ఇరుసులను పట్టి ఉంచే ట్రక్కులు తిరగవు, బూటు అడుగున ఉండే ప్లేటు మెత్తటి ప్లాస్టిక్, ముందు వైపు ఉండే రబ్బరు ముక్క, టో స్టాప్, కదలకుండా అతికించేసి ఉంటుంది. వాటి మీద పక్కకు వాలితే స్కేటు వంపు తిరగదు, మనిషి పడుతుంది. తప్పు తనదే అనుకుని ఆట మానేస్తుంది. గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి స్కేటును తిరగేసి చూడాలి. చక్రాలు నట్టు విప్పి తీయగలమా? ట్రక్కు మధ్యలో రబ్బరు కుషన్లు కనిపిస్తున్నాయా, వాటిని బిగించి వదులు చేసే కింగ్‌పిన్ (ట్రక్కు మధ్యలో ఉండే బోల్టు) నట్టు ఉందా? టో స్టాప్‌ను ఎత్తు తగ్గించి పెంచుకోవచ్చా? విడిభాగాలు ఇతర కంపెనీలవి కూడా పడతాయా? వీటన్నిటికీ అవునని జవాబొస్తే అది గీతకు పైనున్న స్కేటు, రంగు ఎంత వికారంగా ఉన్నా.

టో స్టాప్ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ డర్బీలో కాదు. నిలబడి తోసుకునేది, అప్పటికప్పుడు దిశ మార్చి పరుగెత్తేది దాని మీదే. ఎత్తు మార్చుకోలేని టో స్టాప్ కొద్దిగా అరగ్గానే నేలకు అందదు.

ఈ గీతకు కాస్త పైన డర్బీ కొత్తవాళ్ళ కోసమే చేసిన స్కేట్లు ఉన్నాయి. మిన్నెసోటాలోని రెడ్ వింగ్‌లో ఉన్న రీడెల్ కంపెనీ ఆర్3 చాలాకాలం కొత్తవాళ్ళ మొదటి జత అనిపించుకుంది. అడుగున నైలాన్ ప్లేటు, రెగ్జిన్ బూటు, ఎత్తు మార్చుకునే టో స్టాప్. ఆ కోవలో ఇప్పుడు వేరే కంపెనీలవీ దొరుకుతున్నాయి. నైలాన్ ప్లేటు అనగానే మొహం ముడుచుకునేవాళ్ళున్నారు. అల్యూమినియం ప్లేటు తక్కువ వంగుతుంది, తోపుకు వెంటనే స్పందిస్తుంది, నిజమే. కానీ ఆ తేడాను కాలు గుర్తుపట్టాలంటే ముందు కాలికి ఒక తోపు ఉండాలి. బాగా బరువున్నవాళ్ళకు, బలంగా తోసేవాళ్ళకు నైలాన్ వంపు త్వరగా తెలుస్తుంది, వాళ్ళు ముందే అల్యూమినియం చూసుకోవచ్చు. మిగతావాళ్ళకు మొదటి జతకు నైలాన్ చాలు. పిండి కొద్దీ రొట్టె అన్న సామెత ఇక్కడ సగం దూరమే నడుస్తుంది. గీత దాటేదాకా ప్రతి పైసాకూ ఫలితం కనిపిస్తుంది. దాటాక పెట్టేదాని ఫలితం ఆట వచ్చినవాళ్ళకే కనిపిస్తుంది.

ప్లేటు కంటే, చక్రాల కంటే, బూటు కాలికి అతుక్కోవడం ముఖ్యం. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు సెంటీమీటర్లలో కొలవండి. చాలా క్వాడ్ స్కేట్ల సైజులు అమెరికా మగవాళ్ళ బూట్ల లెక్కలో ఉంటాయి. ఆడవాళ్ళు తమ అమెరికా ఆడవాళ్ళ బూట్ల నంబరు చెప్పి తెప్పించుకుంటే ఒకటి రెండు సైజులు పెద్దవి వచ్చి కూర్చుంటాయి. లేసులు బిగించి నిటారుగా నిలబడ్డప్పుడు వేళ్ళ కొసలు బూటు ముందుభాగాన్ని ఇలా తాకీ తాకనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. మడమ లేచే బూటులో కాలు ఒకవైపు, చక్రం ఇంకోవైపు. మందపాటి సాక్సులతో ఆ ఖాళీ నింపుదామనుకోవద్దు, బొబ్బలు తప్ప ఏమీ రావు. తోలు బూటు వాడేకొద్దీ కొంత సాగుతుంది, రెగ్జిన్ దాదాపు సాగదు. కొనేటప్పుడే అది గుర్తుంచుకోవాలి. ఇక ఎత్తు మడమ, చీలమండ దాటే పొడుగు బూటు చూడముచ్చటగా ఉంటాయి, డ్యాన్సు స్కేటింగ్‌కు సరిపోతాయి. డర్బీకి మడమ చదునుగా ఉండే పొట్టి బూటే నయం. కిందికి వంగి కూర్చోవడానికి చీలమండ ముందుకు మడత పడాలి కదా.

ఖర్చు లేకుండా స్కేటు స్వభావం మార్చే భాగం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: కుషన్లు. ట్రక్కులో కింగ్‌పిన్ చుట్టూ ఉండే ఆ చిన్న రబ్బరు ముక్కలే స్కేటు ఎంత తేలిగ్గా వంపు తిరగాలో నిర్ణయిస్తాయి. కొత్త స్కేట్లలో వచ్చేవి తేలికపాటి మనిషికి తరచూ మరీ గట్టిగా ఉంటాయి. స్కేటు మొండికేస్తుంది, మనిషి "నాకు బ్యాలెన్సు లేదు" అనుకుంటుంది. కింగ్‌పిన్ నట్టు పావు చుట్టు చొప్పున వదులు చేసి చూడండి. చాలకపోతే మెత్తటి కుషన్లు వేయించండి, వాటి ధర కొత్త చక్రాల సెట్టులో చిన్న భాగం. కొత్త స్కేట్లు కావాలని గొడవపడేవాళ్ళలో కొంతమందికి నిజంగా కావాల్సింది ఈ రబ్బరు ముక్కలే అని నా అనుమానం.

చక్రాల మీద రాసి ఉండే 78ఏ, 88ఏ, 95ఏ అంకెలు గట్టిదనాన్ని చెబుతాయి. అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది. 78 నుంచి 84 దాకా రోడ్డు మీద గతుకులు మింగడానికి, 88 నుంచి పైవి లోపలి నేలలకు. నున్నటి కాంక్రీటు మీద గట్టి చక్రం జారుతుంది, పట్టు ఎక్కువున్న నేల మీద మెత్తటి చక్రం కాళ్ళు పట్టేసినట్టు లాగుతుంది. బరువెక్కువున్నవాళ్ళ కింద చక్రం ఎక్కువ నలుగుతుంది కాబట్టి అదే పట్టుకు వాళ్ళకు కాస్త గట్టివి కావాలి. అందుకే ఒకరికి అద్భుతంగా ఉన్న చక్రాలు పక్కవాళ్ళకు పనికిరావు, "ఏ చక్రాలు మంచివి" అన్న ప్రశ్నకు జవాబు లేదు. స్కేట్లతో వచ్చినవాటి మీదే మొదలుపెట్టి, ప్రాక్టీసు జరిగే నేల మీద తోటివాళ్ళ చక్రాలు ఒక రోజు అడిగి వేసుకుని చూశాకే కొనండి. డర్బీవాళ్ళ సంచుల్లో వాడని చక్రాల సెట్లు ఎప్పుడూ మూలుగుతుంటాయి.

బేరింగుల దగ్గర మాత్రం నాకు నవ్వొస్తుంది. ఏబెక్ 5, 7, 9 అని పెట్టెల మీద పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు, అంకె పెరిగితే వేగం పెరుగుతుందన్నట్టు. అవి బేరింగు కొలతల్లో ఎంత కచ్చితత్వం ఉందో చెప్పే అంకెలు, అతివేగంగా తిరిగే యంత్రాల కోసం పుట్టిన లెక్క. 62 మి.మీ. చక్రం మీద గంటకు 20 కి.మీ. వేగంతో వెళ్తే బేరింగు నిమిషానికి సుమారు 1,700 సార్లు తిరుగుతుంది. అలాంటి యంత్రాల ముందు ఇదొక లెక్కలోకే రాదు. పైగా ఢీకొన్నప్పుడు, పక్కకు జారుతూ ఆగినప్పుడు చక్రానికి పక్క నుంచి తగిలే దెబ్బ గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. ఒకప్పుడు 5 నిమిషాల్లో 27 చుట్లు తిరగాలన్న పరీక్ష కొత్తవాళ్ళను హడలెత్తించేది, దాన్ని గట్టెక్కడానికి ఖరీదైన బేరింగులు కొన్నవాళ్ళు బోలెడుమంది. ఆ చుట్లు తెచ్చిపెట్టేది వంపుల్లో క్రాసోవర్. ఒక జత స్కేట్లలో 16 బేరింగులుంటాయి. అవి శుభ్రంగా, ఎండిపోకుండా ఉంటే చాలు. కొనేటప్పుడు చూడాల్సింది చక్రం ఇరుసు, అంటే యాక్సిల్, 8 మి.మీ.దా 7 మి.మీ.దా అని, ఎందుకంటే ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

సెకండ్ హ్యాండ్ మాటకొస్తే, డబ్బు తక్కువున్నవాళ్ళకు అసలైన దారి ఇదే. ఈ ఆటలోకి ఉత్సాహంగా వచ్చి కొన్ని నెలలకే వెళ్ళిపోయేవాళ్ళుంటారు, వాళ్ళ స్కేట్లు దాదాపు కొత్తగానే అమ్మకానికొస్తాయి. ప్లేటు మీద, ముఖ్యంగా ట్రక్కు పిన్ను కూర్చునే చోట పగుళ్ళు లేవని చూసుకోండి. యాక్సిళ్ళు వంగలేదని, టో స్టాప్ మర చెడలేదని, బూటు అట్ట మెత్తబడి ప్లేటు నుంచి ఊడిరావడం లేదని చూసుకోండి. తుప్పుపట్టిన బేరింగులు, అరిగిన చక్రాలు ఉంటే భయపడక్కర్లేదు, బేరమాడటానికి పనికొస్తాయి. మోకాలి ప్యాడ్లయితే ఫోమ్ నొక్కితే తిరిగి పొంగుతోందా, పట్టీల్లో సాగుడు మిగిలి ఉందా అని చూసి తీసుకోవచ్చు, వాసన భరించగలిగితే. హెల్మెట్ మాత్రం ఎంత దగ్గరివాళ్ళదైనా వాడినది తీసుకోకూడదు. దాని లోపలి చరిత్ర బయటికి కనిపించదు.

నా వాదనకు ఎదురుగా వినిపించే మాట ఒకటుంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. "మంచి స్కేట్లు ఒకేసారి కొంటే ఏడాది తిరక్కుండానే రెండోసారి కొనాల్సిన పని తప్పుతుంది కదా?" ఆటలో ఉంటామని కచ్చితంగా తెలిసినవాళ్ళకు ఇది నిజం. ఇప్పటికే స్కేటింగ్ వచ్చి, తమ పాదం ఎలాంటి బూటు అడుగుతుందో తెలిసినవాళ్ళకు ఇంకా నిజం. కానీ కొత్తవాళ్ళకు తెలియనిది సరిగ్గా అదే. తను జామర్‌గా మిగులుతుందో బ్లాకర్‌గా మిగులుతుందో తెలియదు. కింగ్‌పిన్ వంపు ఎక్కువున్న చురుకైన ప్లేటు నచ్చుతుందో, నిలకడగా నడిచే 10 డిగ్రీల ప్లేటు నచ్చుతుందో తెలియదు. తెలియనప్పుడు కొన్న ఖరీదైన స్కేటు కూడా రెండోసారి కొనిపిస్తుంది, ఇంకా ఎక్కువ ధరకు. మోకాలికి మాత్రం ఈ సందిగ్ధం లేదు. మందమైన, కదలని ప్యాడు మొదటి రోజూ కావాలి, పదో ఏడూ కావాలి. ఒకేసారి మంచిది కొనేయాలన్న సూత్రం నాకూ ఇష్టమే, దాన్ని మోకాలి ప్యాడ్లకు వర్తింపజేయమంటున్నాను.

మరి ఆ మాత్రం కూడా లేనివాళ్ళు? క్లబ్బును అడగండి, మొహమాటపడకండి. చాలా క్లబ్బుల దగ్గర కొత్తవాళ్ళకు ఇచ్చే ఉమ్మడి సామాను ఉంటుంది. అరువు స్కేట్లు, సొంత ప్యాడ్లు అన్నది నా దృష్టిలో మొదటి కొన్ని నెలలకు అన్నిటికన్నా తెలివైన జోడీ. ఉమ్మడి ప్యాడ్లు చాలామంది మోకాళ్ళ కింద నలిగి ఉంటాయి, ఉమ్మడి మౌత్ గార్డ్ అనేది ఉండదు కాబట్టి అదెలాగూ కొనాలి. ప్యాడెడ్ షార్ట్స్ నిబంధనల్లో తప్పనిసరి కాదు, కానీ వెల్లకిలా పడి తోకెముక నొప్పి ఒక్కసారి చూసినవాళ్ళెవరూ వాటిని మానుకోరు. స్కేట్ల రంగులో రాజీపడితే మిగిలే డబ్బు వీటికి సరిపోవచ్చు.

కొన్నాక బతికించుకోవాలి. ప్రాక్టీసు అవ్వగానే ప్యాడ్లు సంచిలోంచి తీసి గాలికి ఆరేయాలి, లేకపోతే ఆ కంపు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. డర్బీ ప్యాడ్ల కంపు సాదాసీదాది కాదు. ఉతికేటప్పుడు చల్లటి నీళ్ళు వాడి, వెల్‌క్రో మూసి ఉతికి నీడన ఆరబెట్టండి, వేడి తగిలితే ఫోమూ ఎలాస్టిక్కూ రెండూ పాడవుతాయి. బూటు ముక్కు నేలకు రాసుకుని త్వరగా చిరుగుతుంది, మొదటిరోజే తోలు ముక్కో గట్టి టేపో అంటించండి. ఒక చిన్న స్కేట్ స్పానర్ సంచిలో ఉంచుకుని ట్రాక్ ఎక్కేముందు ఎనిమిది చక్రాల నట్లూ ఒకసారి చూసుకోండి. బిగించిన నట్టును ఒక్క పిసరు వదులు చేస్తే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. లోపలి నైలాన్ వలయం అరిగి వేళ్ళతోనే తిరిగిపోయే నట్టు కనిపిస్తే దాన్ని అప్పటికప్పుడే మార్చేయండి.